గెలిచి ఓడే ఆట: అక్షహృదయం నుండి ఒమాహా వరకు

నలోపాఖ్యానం పాఠం చెప్పిన ప్రతి తెలుగు పండితునికీ ఏదో ఒక ఏడు ఒక గడుసు విద్యార్థి నుండి ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. నలమహారాజు రాజ్యం పోగొట్టుకొన్నది జూదం వల్ల. ఆయన కష్టాలు గట్టెక్కినదీ జూదవిద్య వల్లనే. రోగానికి కారణమైనదే మందెట్లా అయింది? పరీక్షలో ఈ ప్రశ్న రాదు గనుక చాలామందిమి "అది కలి ప్రభావం నాయనా" అని దాటవేసి తరువాతి పద్యానికి పోతాము. ఉద్యోగ విరమణ తరువాత తీరిక చిక్కి, ఈ ప్రశ్న వెంట కొంత దూరం నడిచాను. ఆ నడక నన్ను తానికాయల దగ్గర మొదలుపెట్టి సికింద్రాబాదు క్లబ్బు మీదుగా అమెరికా పేకాట బల్ల వరకూ తీసుకుపోయింది. మా హత్నూర మండలంలో ఇది పుస్తకాల ముచ్చట మాత్రమే కాదు. ఎందుకో ముందుముందు మనవి చేస్తాను.

ముందుగా కథలోని ఆ ఘట్టాన్ని ఒకసారి తలచుకొందాము. నన్నయగారు అరణ్యపర్వంలో తెనిగించిన కథే ఇది. అయోధ్యరాజైన ఋతుపర్ణుడు దమయంతి రెండవ స్వయంవరమన్న మాట విని విదర్భకు పోతున్నాడు. రథం తోలేవాడు బాహుకుని రూపంలో ఉన్న నలుడు. దారిలో ఒక తాండ్రచెట్టు కనబడింది. త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయల సరసన చేరే తానికాయ ఈ చెట్టుదే. వేదకాలంలో పాచికలుగా వాడినవి ఈ కాయలనే. ఋగ్వేదం పదవ మండలంలో 34వ సూక్తం జూదరి గోడు. అందులో అతణ్ణి ఆడించి ఏడిపించేవి ఈ తానిగింజలే. ఋతుపర్ణుడు ఆ చెట్టును చూసీ చూడగానే దాని కాయల లెక్క చెప్పాడు. వ్యాసభారతం ప్రకారం రెండు కొమ్మలకు కలిపి కాయలు 2,095. నలుడు నమ్మలేదు. రథం ఆపి, దిగి, లెక్కపెట్టి చూశాడు. లెక్క సరిపోయింది. "ఇదెట్లా తెలిసింది?" అని అడిగితే, తనకు అక్షహృదయం తెలుసునన్నాడు రాజు. అశ్వహృదయం ఇచ్చి అక్షహృదయం పుచ్చుకొన్నాడు నలుడు. ఆ విద్య లోపలికి పోగానే కలి బయటికి వచ్చాడు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. అక్షహృదయం అంటే పాచికలను మన మాట వినేట్లు చేసే మంత్రమని మనం సాధారణంగా అనుకొంటాము. కాని కవి ఆ విద్యకు చూపిన నిదర్శనం పాచికలు వేయడం కాదు, చెట్టుకాయలు లెక్కించడం. కొన్నిటిని చూసి మొత్తాన్ని అంచనా వేసే శక్తి అది. సంభావ్యతాశాస్త్రపు పుట్టుకను గురించి 1975లో గ్రంథం రాసిన ఇయాన్ హ్యాకింగ్ అనే తత్త్వవేత్త కూడా ఈ నలుని కథ దగ్గర ఆగి ఆశ్చర్యపడ్డాడు. ఐరోపాలో పాస్కల్, ఫెర్మాలు నడుమ ఆగిపోయిన జూదంలో పందెం సొమ్మును న్యాయంగా పంచడమెట్లా అని ఉత్తరాలు రాసుకొన్నది 1654లో. ఆటకూ గణితానికీ ఉన్న చుట్టరికాన్ని మన కథకుడు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే పసిగట్టాడు.

కథ అక్కడితో ముగియదు. ఈ ఉపాఖ్యానాన్ని ధర్మరాజుకు చెప్పిన బృహదశ్వ మహర్షి, చివరికి ఆయనకూ అక్షహృదయం ఉపదేశించాడు. రాజ్యమంతా ఒడ్డి ఓడిన తరువాత వచ్చిన విద్య! ఆ విద్యతో ఆయన మళ్లీ హస్తినకు పోయి శకునిని ఆటకు పిలవలేదు. విరాటుని కొలువులో కంకుభట్టుగా రాజుకు వినోదం కలిగిస్తూ ఒక ఏడు గడిపాడు. నలుడు మాత్రం పుష్కరుణ్ణి ఒక్కసారి పిలిచాడు, ఒక్క ఆటలో పోయినదంతా గెలిచాడు, తమ్ముణ్ణి క్షమించి అతని పాలు అతనికి ఇచ్చి పంపాడు. అక్కడితో సరి. విద్య రాకముందు ఆగలేనివాడు విద్య వచ్చిన తరువాత ఆగగలిగాడు. మందు పనిచేసిందనడానికి గుర్తు ఇదేనని నా భావన.

ప్రభువులు ఈ వ్యవహారాన్ని మరో కంటితో చూశారు. మనువు ద్యూతాన్ని నిషేధించమన్నాడు. కౌటిల్యుడు నిషేధించలేదు, ద్యూతాధ్యక్షుడనే అధికారిని నియమించి, ఆట ఒకే చోట జరిగేట్లు చూసి, గెలిచిన సొమ్ములో నూటికి అయిదు పుచ్చుకోమన్నాడు. ఆడేవాళ్లలో ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా, ఆ అయిదు మాత్రం ఖాయం. ఈ అయిదును జ్ఞాపకం పెట్టుకోండి. మన కథలో ఇది మళ్లీ వస్తుంది.

పాచికల తరువాత ముక్కలు వచ్చాయి. బాబరు 1527లో సింధు ప్రాంతపు మిత్రునికి గంజిఫా ముక్కలు పంపినట్లు తన జ్ఞాపకాలలో రాసుకొన్నాడు. మొగలాయి గంజిఫాకు ఎనిమిది రంగులు, 96 ముక్కలు. దాన్ని మనవాళ్లు దశావతారాలుగా మార్చి పది రంగులు, 120 ముక్కలు చేశారు. మన నిర్మలలోని చిత్రకారులు కూడా ఈ గుండ్రని ముక్కలు చిత్రించినవారే. తరువాత తెల్లవారి 52 ముక్కల పేక వచ్చి గంజిఫాను మింగేసింది. ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను అన్న పేర్లు మన నోళ్లలో నలిగి మన మాటలే అయిపోయాయి. పదమూడు ముక్కల రమ్మీ మన పెళ్లిళ్లలో, తీర్థాలలో, క్లబ్బులలో, రైలు పెట్టెలలో స్థిరపడింది.

ఆ రమ్మీ సుప్రీంకోర్టు గడప తొక్కింది మన సికింద్రాబాదు నుండే. 1963 మే నెలలో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. బల్ల చుట్టూ కూర్చుని డబ్బులకు రమ్మీ ఆడుతున్నవారినీ, క్లబ్బు కార్యదర్శినీ, కోశాధికారినీ పట్టుకొన్నారు. వారి మీద ప్రయోగించినది నిజాం కాలపు హైదరాబాదు జూద చట్టం, 1305 ఫసలీ నాటిది. అంటే సుమారు 1895-96. మేజిస్ట్రేటు శిక్ష వేశాడు. హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ప్రభుత్వం ఢిల్లీకి పోయింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ అన్న పేరుతో ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యంలో 1967 నవంబరు 22న తీర్పు వచ్చింది. రాసినవారు జస్టిస్ హిదాయతుల్లా.

ఆ తీర్పు సారాంశం నా మాటల్లో ఇది. రమ్మీ మూడు ముక్కలాటలాగా కేవలం అదృష్టం మీద నడిచేది కాదు. పడిన ముక్కలను గుర్తు పెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారవేయాలో తెలియాలి. పంపకంలో అదృష్టం పాలు ఉన్నమాట నిజమే గాని, అది బ్రిడ్జిలోనూ ఉన్నది. కనుక రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి. ఈ భాగం అందరికీ తెలుసు. రమ్మీ ఆడించేవాళ్లు దీన్ని పటం కట్టి గోడకు తగిలించుకొన్నారు. కాని అదే తీర్పులో మరొక మాట ఉన్నది. అక్కడ మరో విధంగా జూదం సాగుతున్నట్లు గాని, పందానికి ఆడే ఆట మీద ఇంటి యజమానో క్లబ్బో లాభం చేసుకొంటున్నట్లు గాని సాక్ష్యం ఉంటే, అప్పుడు నేరం రుజువు కావచ్చునని న్యాయమూర్తి స్పష్టంగా చెప్పారు. ఆ కేసులో క్లబ్బు వసూలు చేసినది సభ్యుల సౌకర్యాలకయ్యే కొద్దిపాటి రుసుము మాత్రమే గనుక వారు బయటపడ్డారు. మొదటి మాట దేశమంతా తిరిగింది. రెండవ మాట తీర్పు ప్రతిలోనే ఉండిపోయింది.

ఇప్పుడు మా హత్నూర సంగతి. నేను పాఠాలు మొదలుపెట్టిన రోజుల్లో ఇది వ్యవసాయపు ప్రాంతం. పటాన్‌చెరు, బొల్లారంలలో మొదలైన పారిశ్రామికవాడ పాకుతూ పాకుతూ మా మండలంలోని బొర్పట్ల దాకా వచ్చింది. నా దగ్గర ఛందస్సు నేర్చుకొన్న పిల్లలు మందుల కర్మాగారాలలో షిఫ్టులు చేస్తున్నారు. పండుగనాడు చింతచెట్టు కింద పరిచిన దుప్పటి మీద ఆడిన పేకాట, స్మార్టుఫోను వచ్చిన తరువాత షిఫ్టు బస్సులోకి, రాత్రి గదిలోకి వచ్చి చేరింది. చెట్టు కిందనైతే జేబులో ఉన్నది అయిపోగానే లేచేవారు. పక్కన పెద్దవాడొకడు కసిరి లేపేవాడు. ఫోనుకు జేబు ఖాళీ కావడమన్నది లేదు, కసిరే పెద్దవాడూ లేడు. కొన్నేళ్ల కిందట దౌల్తాబాదు అంగడిలో నా పాత విద్యార్థి ఒకడు కనబడ్డాడు. మూడు నెలల జీతం పోగొట్టుకొన్న సంగతి వాళ్ల నాయన నోట అప్పటికే విన్నాను. వాడే అడిగాడు: "సార్, రమ్మీ జూదం కాదట గద. సుప్రీంకోర్టే చెప్పిందట. తెలివితోటి ఆడేదట. గట్లైతే తప్పేమున్నది సార్? నేను ఇంక మంచిగ నేర్చుకోవాలె, గంతే."

"ఇంకా మంచిగా నేర్చుకోవాలి" అన్న ఆ మాట నన్ను పట్టుకొన్నది. నేర్చుకొంటే నిజంగా ఏమి తెలుస్తుంది? ఈ సంగతి అమెరికాలో స్థిరపడిన మరొక శిష్యునితో అంటే, వాడు నవ్వి, "సార్, నేర్చుకోవడమంటే ఏమిటో తెలియాలంటే రమ్మీ కన్నా ఒమాహా చూడండి" అని చెప్పి, కొన్ని సాయంత్రాలు ఫోనులో ఓపికగా పాఠం చెప్పాడు. గురుశిష్యులు తారుమారైన ఆ పాఠాన్ని మీకూ అప్పజెబుతాను. పందెం లేదు, కాగితమూ పెన్సిలూ చాలు.

ఒమాహా అన్నది అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రపు నగరం పేరు. ఆట మాత్రం 1980ల తొలినాళ్లలో లాస్ వేగస్‌లోని గోల్డెన్ నగ్గెట్ జూదశాలలో నిలదొక్కుకొన్నది. రాబర్ట్ టర్నర్ అనే ఆటగాడు దాన్ని అక్కడి నిర్వాహకుడు బిల్ బాయిడ్‌కు పరిచయం చేశాడంటారు. ఒక్కొక్కరికి నాలుగు ముక్కలు పంచుతారు. నడుమ అందరికీ ఉమ్మడిగా మొదట మూడు ముక్కలు ఒకేసారి తెరుస్తారు. దీన్ని ఫ్లాప్ అంటారు. తరువాత ఒకటి, ఆపైన మరొకటి. చేతిలోనివి సరిగ్గా రెండు, నడిమివి సరిగ్గా మూడు కలిపి అయిదు ముక్కల కూర్పు చేయాలి. హై-లో అన్న రకంలో పందెపు కుప్పను రెండుగా చీలుస్తారు. సగం అన్నిటికన్నా పెద్ద కూర్పుకు, సగం అన్నిటికన్నా చిన్న కూర్పుకు. చిన్న కూర్పు అనిపించుకోవాలంటే అయిదూ వేరువేరు అంకెలై, ఎనిమిదికి మించకూడదు. ఆసు అందులో ఒకటి కింద లెక్క. లిమిట్ ఆటలో పందెం ఎంతన్నది ముందే కట్టడి. తొలి రెండు విడతలలో చిన్న పందెం, మలి రెంటిలో దానికి రెట్టింపు. పెద్ద మొత్తం ఒడ్డి ఎదుటివాణ్ణి బెదరగొట్టే వీలు తక్కువ. మిగిలేది లెక్క.

ఇక లెక్క చూడండి. మన చేతిలో ఆసు, రెండు, రాజు, రాణి ఉన్నాయి. నడుమ నాలుగు, ఏడు, జాకీ పడ్డాయి. మూడో చిన్న ముక్క పడితే మన ఆసు-రెండుతో చిన్న కూర్పు కుదురుతుంది. కనబడని ముక్కలు 52లో 7 పోగా 45. అందులో మనకు పనికివచ్చేవి మూడు, అయిదు, ఆరు, ఎనిమిది. నాలుగేసి చొప్పున 16. ఇక తెరిచేవి రెండు ముక్కలు. 45 ముక్కల నుండి రెంటిని 990 విధాలుగా తీయవచ్చు. వాటిలో 406 విధాలలో మనకు ఏదీ రాదు. 584 విధాలలో కూర్పు కుదురుతుంది. అంటే నూటికి 59. కొత్తవాడు ఇక్కడే సంబరపడి పందెం వేస్తాడు.

నేర్చినవాడు ఇంకొక మెట్టు దిగుతాడు. ఆ 584లో 96 విధాలలో నడుమ మరో ఆసో, మరో రెండో కూడా పడుతుంది. అప్పుడు మన ముక్క అందరి సొత్తవుతుంది. మన కూర్పు నిలుస్తుంది గాని తిరుగులేనిది కాదు. అవి తీసివేస్తే 488, నూటికి 49. గెలిచినా వచ్చేది కుప్పలో సగమే. కనుక సగటున మన వాటా నూటికి పాతిక కన్నా కొంచెం తక్కువ. పెద్ద కూర్పు సగంలో మనకేమీ రాదనుకొని, ఇక మీద వేసే పందేల మాటే తీసుకొంటే, బల్ల మీద అయిదుగురు ఉంటే మనం వేసేది నూటికి 20, వచ్చేది సుమారు 25. లాభం. ముగ్గురే ఉంటే వేసేది 33, వచ్చేది అదే 25. నష్టం. ముక్కలు మారలేదు. మనుషుల సంఖ్య మారింది, అంతే.

అన్నిటికన్నా నన్ను నివ్వెరపరచినది మరొకటి. ముగ్గురు తలా నూరు వేశారు, కుప్ప 300. మన చిన్న కూర్పే అన్నిటికన్నా మేలైనది. కాని ఇంకొకరి చేతిలోనూ ఆసు-రెండు ఉన్నాయి. చిన్న కూర్పు సగం 150 మనిద్దరం పంచుకోవాలి. వేసినది నూరు, వచ్చినది 75. అందరూ చూస్తుండగా గెలిచాము, చేతిలో పాతిక తక్కువయింది. ఇంటికి పోయి "గెలిచాను" అని చెప్పడానికి అడ్డేమీ లేదు.

ఈ ఆటలో ఫ్లాప్ తరువాతి విద్య అంతా చివరికి ఒకే పాఠమని నా శిష్యుడన్నాడు: రెండు వైపులా గెలిచే అవకాశం లేని ముక్కలను, ఎంత అందంగా కనబడినా, పారవేయడం. రమ్మీలోనూ అంతే. మొదటనే డ్రాప్ అంటే 20, నడుమ డ్రాప్ అంటే 40, మొండికేసి కూర్చుని ఓడితే 80 దాకా కౌంటు. ఎనభై తప్పించుకోవడానికి ఇరవై ఇచ్చి లేచేవాడే ఆటగాడు. ఈ విద్య బల్ల మీది ముక్కలకు మాత్రమే ఎందుకు వర్తించాలి? బల్లకూ వర్తించాలి కదా.

అప్పుడు కౌటిల్యుని అయిదు మళ్లీ తలపుకు వస్తుంది. సమానమైన నేర్పు గల ఆరుగురు తలా నూరు వేస్తారనుకొందాం. ఆడించేవాడు నూటికి పది తీసుకొంటాడనుకొందాం. ఆరువందలలో 540 తిరిగి వస్తుంది. ఆటకు తలా పది రూపాయలు సగటున కరుగుతాయి. నూరు ఆటలకు వెయ్యి. ఒక రాత్రి ఒకడు గెలవవచ్చు. బల్ల మొత్తం మీద డబ్బు పెరగడమన్నది జరగదు. మనం బాగా నేర్చుకొంటే మనకన్నా తక్కువ నేర్చినవాడి జీతం మనకు రావచ్చును. వాడు కూడా అదే షిఫ్టు బస్సులో పక్క సీటువాడు కావచ్చు. నైపుణ్యం ఉన్నదన్న మాట నిజమే. దాని అర్థం ఆడినవారందరికీ ఫలితం ఉన్నదని కాదు. నైపుణ్యం లేనివాడు తప్పక ఓడతాడని.

ప్రభుత్వాలు తమ దారిన తాము నడిచాయి. తెలంగాణ 2017లో జూద చట్టాన్ని సవరించి, ఆన్‌లైన్ ఆటలను అందులోకి తెచ్చి, నైపుణ్యమన్న మినహాయింపును తొలగించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే బాట పట్టింది. పోకరు విషయంలో కోర్టులు ఒక్క మాట మీద లేవు: 2017లో గుజరాత్ హైకోర్టు దాన్ని అదృష్టపు ఆట అన్నది, 2024లో అలహాబాద్ హైకోర్టు రమ్మీతో పాటు పోకరూ నైపుణ్యపు ఆటే అన్నది. 2023 అక్టోబరు 1 నుండి ఆన్‌లైన్ డబ్బు ఆటల పందెం మొత్తం మీద 28 శాతం జీఎస్‌టీ పడింది. ఇది కౌటిల్యుని అయిదును ఎంతో మించిన అంకె. చివరకు 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమా అదృష్టమా అన్న భేదమే పాటించకుండా, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ నెల 22న రాష్ట్రపతి ఆమోదించారు. అరవై ఏళ్లు న్యాయస్థానాలు తూచిన ఆ తక్కెడను చట్టసభ పక్కన పెట్టిందన్నమాట. మనువుకూ కౌటిల్యునికీ నాడు తేలని తగవు నేటికీ నడుస్తున్నది.

నా విద్యార్థికి నేను చట్టం చెప్పలేదు. చట్టం చెప్పడానికి వేరేవాళ్లున్నారు. ఒక కాగితం తీసుకొని పైన రాసిన లెక్కలే వేసి చూపించాను: మొదట 75 రూపాయల గెలుపు, తరువాత ఆరుగురి బల్ల. వాడు డిప్లొమా చదివినవాడు, లెక్క వాడికి వెంటనే తెలిసింది. రెండవ లెక్క దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. తరువాత వాడు ఆట మానాడా లేదా అన్నది వాడి బతుకు. దాన్ని ఇక్కడ పరిచే హక్కు నాకు లేదు.

మొదటి ప్రశ్నకు ఇప్పుడు నాకు తోచిన సమాధానం ఇది. నలుణ్ణి ముంచినది జూదం తెలియడం కాదు, తెలియకపోవడం. పాచికలు తన మాట వింటాయని నమ్మినంతకాలం కలి లోపల ఉన్నాడు. చెట్టుకు ఎన్ని కాయలో లెక్కించవచ్చునని తెలిసిన క్షణాన బయటికి పోయాడు. అక్షహృదయం గెలిపించే విద్య కాదు. ఎంత పోతుందో ముందే చెప్పే విద్య. అది నిజంగా వచ్చినవాడు ఆడవలసి వస్తే ఒక్క ఆట ఆడి లేస్తాడు. ఇంకా నేర్చుకొంటే పోయినది తిరిగి వస్తుందని కూర్చున్నవాడికి ఆ విద్య ఇంకా రాలేదని అర్థం.

ఈసారి నలోపాఖ్యానం చెప్పే మిత్రులెవరైనా ఉంటే, ఋతుపర్ణుని తాండ్రచెట్టు దగ్గర కాస్త ఆగండి. పిల్లల చేత ఆ లెక్క వేయించండి. మీ ప్రాంతాలలో పేకాటకు, పాచికలకు వాడుకలో ఉన్న పాత మాటలు గుర్తుంటే నాకు తెలియజేయండి, పోగు చేస్తున్నాను.

స్వస్తి.